దద్దుర్ల మాత్ర

కంపెనీ క్యాంటీన్, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 9

వదినకు,

కాగితం చూసి కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను, ఫోనూ బాగానే ఉంది. కంపెనీ ఇచ్చిన ఫోన్లో ఏం రాసినా వాళ్ళు చదవొచ్చని చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్నారు. నీకు ఫోన్ చేద్దామా అంటే పక్కనే అన్నయ్య ఉంటాడు, "ఇటివ్వు, నేను మాట్లాడతా" అని లాక్కుంటాడు. అందుకే ఉత్తరం, అదీ నీ లాండ్రీ అడ్రసుకి.

ఈ రోజు నాకు ఎంత రోత పుట్టిందో ఎవరితోనైనా చెప్పకపోతే మధ్యాహ్నం తిన్నది బయటికొచ్చేలా ఉంది. పొద్దున వచ్చేసరికి మా అందరి బల్లల మీదా తలా ఒక కాఫీ కప్పు పెట్టి ఉంది. కప్పు మీద ఒక గీత అచ్చేశారు. ఎత్తుగా లేచి, మెల్లగా దిగే గీత. మా మెషీన్ గీసిన గీత వదినా అది! దాని కింద బంగారు అక్షరాలతో "212". ఇంకా పుట్టని బిడ్డకి ఊరంతా మిఠాయిలు పంచినట్టుంది వీళ్ళ సంబరం.

నా పని నీకు పదిసార్లు చెప్పాను, పదిసార్లూ "బంగారమా, ఎన్ని గ్రాములేం?" అని వెక్కిరించావు. ఇంకోసారి చెప్తా, విను. గోరంత గాజుబిళ్ళ, దాని మీద బంగారు పూత. ఆ పూతకి అన్నయ్య జబ్బుకి కారణమైన ప్రోటీన్‌ని అంటిస్తాం. మందు కలిపిన నీళ్ళని వెంట్రుకంత గొట్టంలోంచి దాని మీదుగా పారిస్తాం. మందు ఆ ప్రోటీన్‌ని పట్టుకుంటే తెర మీద గీత లేస్తుంది. పట్టుకోకపోతే చాపలా పడుకుంటుంది. దీన్నే బయోసెన్సర్ అంటారు. మెషీన్ బతికే ఉందో లేదో చూడ్డానికి మధ్యమధ్యలో "బంక" అని మేం పిలిచే రసాయనం పారిస్తాం. అది దేన్నైనా పట్టుకుని వేలాడుతుంది. కాలేయాన్ని తినేస్తుంది కాబట్టి మందుగా పనికిరాదు, కొలతకి మాత్రమే పనికొస్తుంది.

ఈసారి కొత్త మందులు కాదు, ఏనాటివో పాత మందులే ఏడు వందలు పరీక్షించాం. మనుషులు ఎప్పటినుంచో మింగుతున్నవి కాబట్టి, ఏదైనా పనికొస్తే నేరుగా రోగుల మీద ప్రయత్నించొచ్చు. అందులో 212వ దానికి గీత లేచింది. అదేంటనుకున్నావు? దద్దుర్లకి వాడే మాత్ర! చిన్నప్పుడు ఒళ్ళంతా దురదలొస్తే మా అమ్మ వేసేది, పచ్చరంగుది. దాంతో కండరాల జబ్బు నయం చేస్తారట.

ఇదంతా నడిపించేది మా పెద్దసారు. మేం పెట్టుకున్న పేరు సెంటు సారు. ల్యాబులో సెంటు పూసుకోకూడదని గోడ మీద రాయించింది ఆయనే. ఆయన వచ్చి వెళ్ళాక గంటదాకా ఆ గదిలో మా ముక్కులు పనిచేయవు. ఇవాళ అందరినీ మెషీన్ చుట్టూ నిలబెట్టి ఫోటోలు తీయించాడు. కణాల మీద చేసిన పరీక్ష అటూ ఇటూ కాకుండా వస్తే, రిపోర్టులో "ఆశాజనకం" అని రాయించాడు. మందులు వరసలుగా నింపిన ప్లేట్లు ఈ నెల అందరికంటే ఎక్కువ నడిపినందుకు నా ఫోటో కూడా లిఫ్టు పక్కన గోడకి తగిలించారు. చూస్తే నాకే వెగటుగా ఉంది.

అన్నయ్యకి ఇదేదీ చెప్పకు. ఆయన ఆశపడితే మనం తట్టుకోలేం.

నీ ఆడపడుచు


హోటల్ లాండ్రీ, ఇస్త్రీ గది
ఫిబ్రవరి 20

గోడకెక్కిన ఆడపడుచు గారికి,

నీ ఉత్తరం మా సూపర్‌వైజర్ చేతికి దొరికింది. "ప్రేమలేఖా?" అన్నాడు. నాకు ప్రేమలేఖ రాసేవాడే ఉంటే ఈ ఆవిర్లో ఎందుకు ఉడుకుతానయ్యా అన్నాను.

చెప్పొద్దన్నావు. చెప్పేశాను. తిట్టుకో.

ఏం చెయ్యమంటావు? మొన్న ఆదివారం పొద్దున మీ అన్నయ్య టీ గ్లాసు జారవిడిచాడు. పగిలింది. నేను చీపురు తెచ్చేలోపు ముక్కలు ఏరబోయి, ఏరలేక, అలా నేలమీదే కూర్చుని తన కుడిచేతిని ఎవరిదో చెయ్యిలా చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ప్రతి కొట్లో తూకం మెషీన్లు బాగుచేసిన చెయ్యి అది. ఆవగింజంత స్క్రూని చీకట్లో కూడా తిప్పేవాడు. ఉండబట్టలేకపోయాను. "మీ చెల్లెలు మీ జబ్బుకి మందు పట్టుకుందట" అని అనేశాను.

ఇంక చూడు. తన రిపేరు కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ అదే కథ. "మా చెల్లి కనిపెట్టింది, మా చెల్లి" అని. తూకం మెషీన్ తెచ్చినవాడికి మెషీన్ చూడకుండా నీ గాజుబిళ్ళ గురించి అరగంట క్లాసు పీకుతున్నాడు. దద్దుర్ల మాత్రని నేను నవ్వితే, "నీకేం తెలుసు, ఆస్పత్రిలో గొప్ప మందులన్నీ ఇలాగే దొరుకుతాయి" అని నామీదే ఎగిరాడు. పెళ్ళయినప్పటినుంచి నామీద ఇంత ఉషారుగా ఎగరలేదు. నిజం చెప్తున్నా, ముచ్చటేసింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆస్పత్రిలో మన డాక్టరమ్మ మీ 212ని పదిమందికి వేసి చూస్తుందట. పేరిస్తారా అని అడిగింది. కాగితం తెచ్చాం. ఇందులో ఒక మెలిక ఉంది. చేరాలంటే ఇప్పుడు తాగుతున్న చేదుమందు ఆరు వారాలు పూర్తిగా మానెయ్యాలి. ఆ చేదుమందు జబ్బుని తగ్గించదు, నిదానంగా నడిచేలా చేస్తుందంతే. అది మానితే పరుగెత్తదా అని అడిగాను. "కొంత నష్టం ఉంటుంది, పోయిన బలం తిరిగి రాకపోవచ్చు, కొత్తమందు పనిచేస్తే దానికి తగ్గ ఫలితం ఉంటుంది" అంది. ఆవిడ మంచిదే, అబద్ధం చెప్పే రకం కాదు.

నాకు నీ సైన్సు చదువు రాదు, నీకొచ్చు. ఒక్క ముక్క రాయి. ఆ మందు మంచిదేనా? నువ్వు ఊఁ అంటే నేను నోరెత్తను.

వదిన


కంపెనీ క్యాంటీన్, అదే బల్ల
మార్చి 15

వదినా,

జవాబు ఆలస్యమైంది. మూడు ఉత్తరాలు రాసి చించేశాను.

నీకు చెప్పొద్దంటే చెప్పావు కదా! సర్లే, నీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో.

ఇక్కడ సంగతులు చూస్తే ఒళ్ళు మండిపోతోంది. కొత్త బిళ్ళ తీసుకుని, కొత్త సీసాలోంచి 212 పొడి కలిపి మళ్ళీ పారించాను. గీత లేవలేదు. ఇంకో బిళ్ళ. లేవలేదు. మూడోసారి, రెండింతలు చిక్కగా కలిపాను. నిద్రపోతున్న పాములా కూడా కాదు, చచ్చిన పాములా పడుకుంది. మూడు గ్రాఫులూ పట్టుకుని సెంటు సారు గదికి వెళ్ళాను. ఆయన వాటివైపు చూడలేదు, నా చెప్పుల వైపు చూశాడు. "ఈ బిళ్ళలు పాతబడ్డాయమ్మా" అన్నాడు. నిన్ననే డబ్బా తెరిచాను సార్ అన్నాను. "మెషీన్లకి కూడా మూడ్ ఉంటుంది" అని నవ్వాడు. ఆ నవ్వు నా భుజానికి జిడ్డులా అంటుకుంది, ఇంటికెళ్ళి రెండుసార్లు స్నానం చేశాను.

ఆ మూడు గ్రాఫులూ ఇప్పుడు ఆయన సొరుగులో ఉన్నాయి. కప్పు మీద గీత మాత్రం బయట బోర్డు మీదకి కూడా ఎక్కింది, మనిషంత ఎత్తున. పొద్దున లోపలికొచ్చేటప్పుడు దాని కిందనుంచే రావాలి. తలెత్తకుండా వస్తున్నాను.

నువ్వు అడిగినదానికి ఊఁ అని రాయలేను. అలాగని కాదు అని కూడా ఇప్పుడే రాయలేను. పొడిలో తేడా ఉందేమో, తేమ తగిలిందేమో, ఏదైనా కావచ్చు. ఇంకోచోటినుంచి పొడి తెప్పిస్తున్నాను, మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా అన్నయ్యని సంతకం పెట్టనివ్వకు. ఏదో ఒక సాకు చెప్పు. డాక్టరమ్మని మాత్రం ఏమీ అడగొద్దు, నా ఉద్యోగం మీదకొస్తుంది.

చేదుమందు ఒక్కపూట కూడా మాననివ్వకు.

నీ ఆడపడుచు


ఇంట్లో, వంటగది గట్టు మీద
ఏప్రిల్ 6

అమ్మాయ్,

మానేశాడు.

నేను సాకులు వెతుక్కుంటూ ఉండగానే మానేశాడు. సంతకం నాకు తెలియకుండా పెట్టి, ఆరు వారాలు ఎలాగూ మానాలి కదా, ముందే మొదలుపెడితే ముందే చేర్చుకుంటారని చేదుమందుని పూటపూటా సింకులో పోస్తున్నాడు. సీసా మాత్రం రోజూ కొంచెం కొంచెం తగ్గుతోంది, నేను తాగుతున్నాడనుకున్నాను. మూడు వారాలు! సింకు దగ్గర ఆ కంపు వస్తుంటే పైపు మూసుకుపోయిందేమోనని నేనే వేడినీళ్ళు పోశాను చూడు, అంత వెర్రిమొహాన్ని.

నిన్న చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. స్క్రూడ్రైవర్ని రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. "కొత్తమందు పడితే సర్దుకుంటుంది" అంటాడు. చేదుమందు మళ్ళీ తాగమంటే, "తాగితే చేర్చుకోరు, నన్ను ముంచాలని చూస్తున్నావా?" అని అరిచాడు. బతిమాలాను, తిట్టాను, తిండి మానేశాను. వినడు.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. అందులో ఒకటి నాకు గొంతు దిగడం లేదు. నా పని నేను చెప్తాను, విను.

పోయిన నెల మా హోటల్లో పెద్ద హాలు తివాచీలు ఉతికాం. ఎర్రవి. వాటి తర్వాత ఖాళీ డ్రమ్ముని రెండుసార్లు వేడినీళ్ళతో తిప్పాలి. కొత్తగా చేరినామె టైము లేదని తిప్పలేదు. తర్వాత వేసిన తెల్ల దుప్పట్లు గులాబీరంగుకి తిరిగాయి. మా మేనేజరు వచ్చి, "కొత్త దుప్పట్లా? బాగున్నాయే, ఎక్కడ కొన్నారు?" అన్నాడు. దుప్పట్లకి ఎవరూ రంగు వెయ్యలేదమ్మా. ముందు డ్రమ్ములో ఉన్నదే వాటికి అంటింది. మళ్ళీ శుభ్రంగా ఉతికితే తెల్లగా వచ్చేశాయి. నీ మూడు గ్రాఫుల్లాగే.

నువ్వు నీ పని పదిసార్లు చెప్పావన్నావుగా, పదకొండోసారి నేనడుగుతున్నాను. మీ 212కి ముందు ఆ గొట్టంలో ఏం పారింది? దాని తర్వాత గొట్టం కడిగారా? కడిగింది ఎవరు?

వదిన


కంపెనీ క్యాంటీన్ కాదు, నా గది
ఏప్రిల్ 11

వదినా,

212కి ముందు పారింది బంక. కడగాల్సింది నేను.

నీ ఉత్తరం అందిన క్షణం తల కొట్టేసినట్టయింది. పన్నెండేళ్ళ పని నాది, ఒక్క ప్రశ్నతో పట్టేశావు. ఇంక నీళ్ళు నమలను.

బంక సూదికీ గొట్టానికీ పట్టుకుని వదలదు. అందుకే దాని తర్వాత మూడుసార్లు కడగాలని మా పద్ధతిలో రాసి ఉంది. ఒక్కో కడుగుకి పదకొండు నిమిషాలు. ఆపైన ఉత్తనీళ్ళు పారించి, గీత పడుకుందని చూశాకే తర్వాతి మందుకి వెళ్ళాలి. ఆ రోజు నాలుగు ప్లేట్లు నడిపాను. ఆఖరి ప్లేటు ఆఖరి వరసకి వచ్చేసరికి సాయంత్రమైంది. అది పూర్తయితే ఆ నెలలో నావే అందరికంటే ఎక్కువ ప్లేట్లు. మూడు కడుగులు ఒకటి చేశాను. ఉత్తనీళ్ళ మెట్టు తీసేశాను. గోడ మీద ఫోటో కోసం వదినా! లిఫ్టు పక్కన ఒక నెలపాటు వేలాడే ఫోటో కోసం. ఛీ, రాస్తుంటే నా చెయ్యి నాకే కంపు కొడుతోంది.

ఆ గీత 212ది కాదు. గొట్టంలో మిగిలిన బంకది.

ఎప్పుడు తెలిసిందని అడుగుతావు. కప్పు చేతిలోకి తీసుకున్నప్పుడే అనుమానం వచ్చింది. లేచిన గీత అంత మెల్లగా దిగుతోందంటే పట్టుకున్నది వదలడం లేదన్నమాట. అలా దిగేది బంక ఒక్కటే. నేను వేల గీతలు చూశాను. మొదటి ఉత్తరంలో కప్పుల మీద, సెంటు మీద, ఫోటోల మీద అంత కక్కింది అందుకే. వాళ్ళని తిడుతున్నంతసేపు నా సంగతి గుర్తురాదు. మూడుసార్లు మళ్ళీ పరీక్షించాక అనుమానం కూడా పోయింది. కొత్త పొడి తెప్పిస్తున్నానని రాశాను చూడు, అది పచ్చి అబద్ధం. ఏ పొడీ తెప్పించలేదు.

సెంటు సారుకి చెప్పాను, నమ్ము. అంతా విని తలుపు వేశాడు. "కడగనిది నువ్వు. సంతకం నీది. నేను చూసి సంబరపడ్డాను, అంతే. బయటపెడితే పోయేది నీ ఉద్యోగం. దద్దుర్ల మాత్ర ఎవరినీ చంపదు కదా" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను, దద్దుర్ల మాత్ర ఎవరినీ చంపదని. చేదుమందు మానడం గురించి నువ్వు రాసినప్పుడు కూడా సాకు చెప్పమన్నానే తప్ప నిజం చెప్పలేదు.

అన్నయ్యకి ఎలాగైనా చేదుమందు మళ్ళీ పట్టించు. మెషీన్ పాడైందని చెప్పు, కంపెనీ మోసం చేసిందని చెప్పు, నీ ఇష్టం. నేను చేశానని మాత్రం చెప్పకు. ఆ ఒక్కటీ దాచు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ ఆడపడుచు


హోటల్ లాండ్రీ, ఇస్త్రీ గది
ఏప్రిల్ 16

ఏమ్మా,

నీ సెంటు సారుని నేను చూడలేదు. వాడి మీద అసహ్యం పుట్టాలన్నా నాకు మొహం గుర్తురాదు. నిన్ను చూశాను. మా పెళ్ళినాటికి రెండు జడలేసుకుని తిరిగేదానివి. మా ఇంట్లో నా మంచం మీద పడుకుని పరీక్షలకి చదివావు. అందుకే నా అసహ్యమంతా నీ మీదే. ఫోటో కోసమా? అడిగితే నేనే తీసి గోడకి తగిలించేదాన్ని కదే!

కడగకపోవడం నేను క్షమించగలను. మా లాండ్రీలో కొత్తామె కూడా కడగలేదు, మనిషన్నాక విసుగొస్తుంది. కానీ గ్లాసు జారి కూర్చున్నాడని నేను రాస్తే, దాన్ని చదివి, మడిచి, క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చుని నాకు సాకులు నేర్పించావు చూడు. ఆ మార్చి ఉత్తరం ఇస్త్రీపెట్టె బొగ్గుల్లో వేశాను.

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. మెషీన్ పాడైందట అన్నాను. మీ అన్నయ్య నవ్వాడు. "మా చెల్లి చేతిలో మెషీన్ పాడవడమా? నువ్వు భయపడి కథలల్లుతున్నావు. చెల్లి చెప్తే మానేస్తా, అది తన నోటితో చెప్పాలి" అన్నాడు. నీ పేరు దాచినన్నాళ్ళూ ఆయన చేదుమందు ముట్టడు. అర్థమైందా?

ఇంకోటి. నిన్న ఆయన్ని తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. వరండాలో బెంచీల మీద అదే కాగితం పట్టుకుని తొమ్మిదిమంది ఉన్నారు. ఒకామె టైపిస్టు అట, రెండు వేళ్ళు ముడుచుకుపోయాయి. ఇంకొకాయన వయొలిన్ నేర్పిస్తాడట. అందరూ మందులు మానేసి వచ్చినవాళ్ళే. ఎవరికెంత పట్టు జారిందో ఒకరికొకరు చూపించుకుంటూ, దద్దుర్ల మాత్ర మీద జోకులేసుకుని నవ్వుతున్నారు. నేను వాళ్ళ మధ్య నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. నీ మూలంగా నిన్న నేనూ నీలాంటిదాన్నే అయ్యాను. ఇంకోసారి అవ్వను.

నాకు ఇంక రాయకు. ఆయనకి రాయి. డాక్టరమ్మకి రాయి, సంతకంతో. ఆదివారంలోపు రాకపోతే నీ మొన్నటి ఉత్తరం పట్టుకుని నేనే వెళ్తాను. అది నీ చేత్తో జరిగితే మంచిదని వారం ఆగుతున్నాను, అంతే.

వదిన


నా గది
ఏప్రిల్ 19

అన్నయ్యా,

చేదుమందు ఇవాళే మొదలుపెట్టు. ఇది చదవడం ఆపి, ముందు ఒక మోతాదు తాగి రా.

వదిన చెప్పింది కథ కాదు. మెషీన్ పాడైందన్నది మాత్రం అబద్ధం, అది నేను చెప్పమన్న అబద్ధం. మెషీన్ బాగానే ఉంది. నేనే గొట్టం కడగలేదు. 212కి ముందు పారిన రసాయనం గొట్టంలో మిగిలిపోయి గీత లేచింది. ఆ దద్దుర్ల మాత్రకీ నీ జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. తొందరగా ముగించాలని కడగలేదు. తర్వాత తెలిసి కూడా రెండు నెలలు దాచాను, నా పేరు పోతుందని. ఆ రెండు నెలల్లోనే నువ్వు మందు మానేశావు.

నువ్వు కొట్లో నా గురించి చెప్పుకుంటున్నావని వదిన రాసింది. అది చదివి కూడా నోరు విప్పలేదు. ఇంతకంటే నీచంగా ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. ఆ వరండాలో నుంచే వెళ్ళాను. మెషీన్ ఏ నిమిషానికి ఏం కడిగిందో తనలో రాసుకుంటుంది, ఆ పట్టీ అచ్చుతీసి తీసుకెళ్ళాను. సారు సొరుగులో ఉన్న మూడు గ్రాఫులు మళ్ళీ తీయించాను. అన్నింటి మీదా సంతకం పెట్టాను. ఆవిడ అంతా చదివి, కళ్ళద్దాలు తీసి, "వీళ్ళకి నేనేం చెప్పాలి?" అని అడిగింది. "జరిగింది జరిగినట్టు చెప్పండి, నా పేరుతో చెప్పండి" అన్నాను. నీకు నేనే చెప్తానన్నాను, మిగతా తొమ్మిదిమందినీ ఒక్కొక్కరిగా పిలిచి చెప్పింది. నన్ను కూడా కూర్చోమంది. కూర్చున్నాను. టైపిస్టు నా మొహం మీద ఉమ్మేస్తుందనుకున్నాను, ఉమ్మలేదు. "మళ్ళీ మందు ఎప్పటినుంచి తాగొచ్చు?" అని మాత్రం అడిగింది.

సెంటు సారు నా ఫోటో తీయించేశాడు. నాకు మతి సరిగ్గా లేదని, సెలవు మీద వెళ్ళానని అందరికీ ఉత్తరం పంపాడట. నేను రాజీనామా ఇచ్చి వచ్చేశాను.

నీ దగ్గరికి వచ్చి చెప్పాలని బస్సెక్కాను. మీ వీధి మొదట్లో దిగి, కొట్లో నువ్వు స్క్రూడ్రైవర్‌తో తంటాలు పడుతుండటం దూరంనుంచి చూసి వెనక్కి వచ్చేశాను. అంత ధైర్యమే నాది.

నీ చెల్లెలు


ఇంట్లో, వంటగది గట్టు మీద
జూన్ 28

అమ్మాయ్,

రాయొద్దన్నాను కాబట్టి నువ్వు రాయలేదు. నువ్వు మాట వినడం ఇదే మొదటిసారి.

నేను రాయాలనుకోలేదు. మీ అన్నయ్య రాయమన్నాడు. ఆయన చేతిలో ఇప్పుడు పెన్ను నిలవడం లేదు.

నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. మొదటి ముక్క దగ్గర ఆపి చేదుమందు ఇచ్చాను, తాగాడు. మిగతాది చదివాను. ఆయన నాలుగు రోజులు కొట్టు తెరవలేదు. అయిదోరోజు తెరిచి, వచ్చినవాళ్ళు నీ మందు ఎందాకా వచ్చిందని అడిగితే, "రాదు" అని చెప్పి పనిలో పడ్డాడు. ఎందుకు రాదో ఎవరికీ చెప్పలేదు. నేనైతే మైకు పెట్టి చెప్పేదాన్ని.

డాక్టరమ్మ మొన్న పరీక్ష చేసింది. ఎడమచెయ్యి ఉన్నచోటే ఆగిందట. కుడిచేతిలో పోయిన బలం తిరిగి రాదట, ఉన్నది నిలబెట్టుకోవాలట. స్క్రూల పని అయిపోయింది. పెద్ద కాటాలు మాత్రం చూస్తాడు, అది కూడా నేను బోల్టు తిప్పితే. మిగతా తొమ్మిదిమందిలో ఇద్దరికి అసలేం నష్టం కాలేదట. టైపిస్టుకి అయింది. తెలుసుకోవాలి నువ్వు, అందుకే రాస్తున్నాను.

నీ కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. మెరిసే బూట్లేసుకుని, పళ్ళబుట్ట పట్టుకుని. చెల్లెలి మతిస్థిమితం గురించి మీ అన్నయ్యని అడిగాడు. "దానికి మతి లేకపోతే ఆ పట్టీ ఎలా చదివింది?" అన్నాడు ఈయన. బుట్టని నేను గేటు అవతల పెట్టాను. నన్ను చూసి ముక్కు మూసుకున్నాడు, నా ఒంటికి సబ్బునీళ్ళ వాసన ఉంటుంది కదా.

నా సంగతి చెప్పాలంటే, నిన్ను చూడాలంటే నాకింకా రోతగానే ఉంది. దాచుకోను. మెతుకు కలుపుతూ ఆయనకి నోటికి అందిస్తున్నప్పుడల్లా నీ ఫోటో గుర్తొస్తుంది.

నిన్న పొద్దున ఆయనకి గడ్డం గీస్తున్నాను. నాకు చేతకాదు. రెండుచోట్ల తెగింది, రక్తం కారింది. నాకు కోపమొచ్చి సబ్బునురగ నేలకేసి కొట్టాను. ఆయన తువ్వాలుతో తుడుచుకుని అన్న మాట ఇది. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపలేదు.

"దాన్ని క్షమించానో లేదో నాకింకా తెలీదు. తెలిసేదాకా గడ్డం ఆగదు కదా. వచ్చి గీయమను. తొందరపడకుండా గీయమను."

ఆదివారం నాకు పొద్దుటి డ్యూటీ. ఎనిమిదికి వెళ్ళి రెండింటికి వస్తాను. తలుపుకి గడియ వేసి ఉండదు. వేడినీళ్ళు పొయ్యి మీద పెట్టి వెళ్తాను.

వదిన